రెండొంతుల మెజారిటీ ఉన్నా అడగాల్సిందే

ఈసారి ఎపిసోడ్ కొంచెం పొడుగ్గా ఉంటుంది. టీ పెట్టుకుని కూర్చోండి.

మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. ఢిల్లీలో ఒక పార్టీకి ఫుల్ మెజారిటీ వస్తే ఏ చట్టమైనా చేసేయొచ్చు, మూడింట రెండొంతుల మెజారిటీ ఉంటే రాజ్యాంగాన్నే మార్చేయొచ్చు అని. కోర్టు అడ్డం రావాలంటే ప్రాథమిక హక్కుల్లాంటి పెద్ద విషయం ఏదో దెబ్బతినాలి అని కూడా. టీవీ డిబేట్లు చూస్తే అలాగే అనిపిస్తుంది మరి.

2021 జూలై 20న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విషయం ఒక రాజ్యాంగ సవరణ. రెండు సభల్లోనూ కావాల్సిన మెజారిటీతో పాసైంది, రాష్ట్రపతి సంతకం అయింది, తొమ్మిదేళ్లుగా రాజ్యాంగం పుస్తకంలో అచ్చయి ఉంది. అందులో పెద్ద భాగాన్ని కోర్టు పనికిరాదని తేల్చేసింది. ఎవరి హక్కులో పోయాయని కాదు. సవరణలో చెడ్డ మాట ఏదో ఉందని అంతకన్నా కాదు. చెయ్యాల్సిన ఒక పని చెయ్యలేదు, అంతే. రాష్ట్రాలని అడగలేదు.

ఇంతకీ ఆ సవరణ దేని గురించి? మీ ఊళ్లో సొసైటీ గురించి. నవ్వకండి, నిజంగానే. యూరియా బస్తా కోసం నాన్న పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడతారు చూడండి, ఆ సొసైటీ. పంట రుణం ఇచ్చేది, చాలా ఊళ్లలో వడ్లు కొనే సెంటర్ నడిపేది. కాగితం మీద దాని పేరు ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం. పేరుకి తగ్గట్టు అది సభ్యులది. రైతులు షేర్ డబ్బు కట్టి మెంబర్ అవుతారు, ఓట్లేసి డైరెక్టర్లని ఎన్నుకుంటారు, డైరెక్టర్లు ప్రెసిడెంట్‌ని ఎన్నుకుంటారు. ఎన్నుకోవాలి. ఆ "ఎన్నుకోవాలి" దగ్గరే అసలు గొడవంతా ఉంది, దాని దగ్గరికి వస్తా.

ముందు రూల్ ఏంటో చూద్దాం. ఇంగ్లండ్‌లో పార్లమెంటే అన్నిటికీ పైన. అక్కడ ఒకే పుస్తకంగా రాసిపెట్టిన రాజ్యాంగం లేదు, పార్లమెంట్ చేసిన చట్టాన్ని చెల్లదని కొట్టేసే కోర్టూ లేదు. మన దగ్గర అలా కాదు. పార్లమెంట్‌కి చట్టం చేసే అధికారం ఇచ్చేది 245వ ఆర్టికల్. అది మొదలవడమే ఒక షరతుతో మొదలవుతుంది, రాజ్యాంగంలో మిగతా నిబంధనలకి లోబడి అని. అంటే పార్లమెంట్ పుస్తకం కింద ఉంది, పైన లేదు. తర్వాతి ఆర్టికల్ 246. ఏడో షెడ్యూల్‌లోని మూడు జాబితాలని అధికారాలతో ముడిపెట్టేది ఇదే. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా. 1950లో కేంద్రానికి 97 అంశాలు, రాష్ట్రాలకి 66, ఉమ్మడిగా 47. ఈ మూడు జాబితాల పద్ధతి మనం కొత్తగా కనిపెట్టింది కూడా కాదు, బ్రిటిష్ వాళ్ల 1935 చట్టంలోనే ఉంది.

సైన్యం, రైల్వే, కరెన్సీ, ఫోన్లు కేంద్రానివి. పోలీస్, భూమి, వ్యవసాయం, ఆసుపత్రులు, మద్యం, సంతలు, పంచాయతీలు రాష్ట్రాలవి. పెళ్లి, క్రిమినల్ చట్టం, కరెంటు లాంటివి ఇద్దరివీ. ఇద్దరివీ అన్న చోట గొడవొస్తే మామూలుగా కేంద్రం మాటే నెగ్గుతుంది. ఎక్కడా రాయని అంశం ఏదైనా వస్తే అదీ కేంద్రానికే. కాబట్టి తక్కెడ మొదటి నుంచీ ఢిల్లీ వైపే కొంచెం వంగి ఉంది. ఈ సంగతి దాచి రాష్ట్రాల హక్కులు, సమాఖ్య అని ఊదరగొట్టడం నాకిష్టం లేదు.

కానీ వంగి ఉండటం వేరు, తక్కెడే లేకపోవడం వేరు.

సహకార సంఘాలు ఎక్కడున్నాయి? రాష్ట్ర జాబితాలో 32వ అంశం. ఇంకో ఇంట్రెస్టింగ్ విషయం చూడండి. కేంద్ర జాబితాలో 43వ అంశం వ్యాపార సంస్థల గురించి. బ్యాంకులు, ఇన్సూరెన్స్, అన్నీ అందులో వస్తాయి. అక్కడే, పనిగట్టుకుని, సహకార సంఘాలు ఇందులోకి రావు అని రాశారు. మర్చిపోయి వదిలేసింది కాదన్నమాట. ఆలోచించి పక్కన పెట్టారు. ఒకటి కంటే ఎక్కువ రాష్ట్రాల్లో నడిచే సంఘాలుంటే వాటి సంగతి కేంద్రం చూస్తుంది, దానికి 2002లో చేసిన వేరే చట్టం ఉంది. ఒక్క రాష్ట్రం లోపల నడిచే సంఘం మాత్రం పూర్తిగా ఆ రాష్ట్ర శాసనసభ సబ్జెక్ట్.

ఇప్పుడు 2011 డిసెంబర్‌కి వెళ్దాం. పార్లమెంట్ 97వ రాజ్యాంగ సవరణ పాస్ చేసింది. 2012 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకొచ్చింది. మూడు పనులు చేసింది. సహకార సంఘం పెట్టుకోవడాన్ని 19వ ఆర్టికల్ కింద హక్కుల్లో చేర్చింది. ఆదేశిక సూత్రాల్లో ఒక ఆర్టికల్ పెట్టింది. ఈ రెండిటితో ఎవరికీ పేచీ లేదు, అవి ఇప్పటికీ ఉన్నాయి. మూడోది, తొమ్మిదో భాగానికి తోకలా ఒక కొత్త భాగం, 13 ఆర్టికల్స్‌తో. సొసైటీలు ఎలా నడవాలో అందులో రాశారు.

ఏం రాశారు? డైరెక్టర్లు 21 మందికి మించకూడదు. పదవీకాలం ఐదేళ్లు. అది ముగిసేలోపే ఎన్నికలు పెట్టాలి. పాలకవర్గాన్ని రద్దు చేసి ఆఫీసర్‌ని కూర్చోబెట్టినా ఆరు నెలలకి మించకూడదు. బోర్డులో ఇద్దరు మహిళలకి, ఎస్సీ ఎస్టీల నుంచి ఒకరికి సీటు ఉండాలి. ఆర్థిక సంవత్సరం అయిపోయిన ఆరు నెలల్లో ఆడిట్ పూర్తవ్వాలి. వీటికి విరుద్ధంగా ఉన్న రాష్ట్ర చట్టాలు ఏడాదిలో మార్చుకోవాలి, మార్చకపోతే ఏడాది తర్వాత అవి చెల్లవు.

ఒక్కసారి ఆగండి. ఈ రూల్స్‌లో మీకు చెడ్డది ఏదైనా కనిపించిందా? నాకైతే లేదు. టైమ్‌కి ఎన్నికలు, టైమ్‌కి ఆడిట్, ఆడవాళ్లకి సీట్లు. ఊళ్లో సొసైటీ రాజకీయం చూసినవాళ్లు ఎవరైనా ఇది కావాల్సిందే అంటారు. అందుకే ఈ కేసు చెప్పాలనుకున్నా. చెడ్డ చట్టాన్ని కోర్టు కొట్టేస్తే అందరూ చప్పట్లు కొడతారు, అందులో నేర్చుకునేది తక్కువ. మంచి చట్టాన్ని కొట్టేసినప్పుడే రూల్ అసలు ముఖం కనిపిస్తుంది.

గుజరాత్‌లో ఒకాయన హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆయన పట్టుకున్న పాయింట్ 368వ ఆర్టికల్. రాజ్యాంగం మార్చే పద్ధతి చెప్పేది అదే. మామూలు సవరణకి రెండు సభల్లోనూ ప్రత్యేక మెజారిటీ చాలు. కానీ కొన్ని విషయాలకి అది చాలదు. రాష్ట్రపతి ఎన్నిక, సుప్రీంకోర్టు, హైకోర్టులు, పార్లమెంట్‌లో రాష్ట్రాల ప్రాతినిధ్యం, కేంద్ర రాష్ట్రాల మధ్య చట్టాలు చేసే అధికారాల పంపకం, ఏడో షెడ్యూల్‌లోని ఏ జాబితా అయినా. వీటిని మార్చాలంటే దేశంలో కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు మేం ఒప్పుకుంటున్నాం అని తీర్మానం చేయాలి. 368వ ఆర్టికల్‌నే మార్చాలన్నా అంతే. అక్కడ కన్నం వేయకుండా దానికీ తాళం వేశారు.

97వ సవరణకి ఆ తీర్మానాలు తీసుకోలేదు. 2013 ఏప్రిల్‌లో గుజరాత్ హైకోర్టు ఆ కొత్త భాగాన్ని కొట్టేసింది. కేంద్రం సుప్రీంకోర్టుకి వెళ్లింది.

కేంద్రం వాదన తెలివైనదే. మేం ఏడో షెడ్యూల్ ముట్టుకోలేదు, 32వ అంశం అక్షరం కూడా మారలేదు, సహకార సంఘాలు నిన్న రాష్ట్ర జాబితాలో ఉన్నాయి, ఇవాళా ఉన్నాయి, చట్టం చేసేది కూడా రాష్ట్రాలే, మేం కొన్ని మార్గదర్శకాలు ఇచ్చాం అంతే, మరి మేం మార్చిందేంటి అని.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది టక్కున అర్థమవుతుంది. ఫోల్డర్ ఓనర్ పేరు మార్చలేదు. ప్రాపర్టీస్ ఓపెన్ చేస్తే ఓనర్ నువ్వే అని చూపిస్తుంది. కానీ లోపల 13 ఫైల్స్‌ని రీడ్ ఓన్లీ చేసి పెట్టారు. నువ్వు ఓనర్‌వే, కానీ ఇవి మాత్రం మార్చలేవు. మరి ఓనర్‌షిప్ మారినట్టా, మారనట్టా?

కోర్టు మారినట్టే అంది. జాబితాలో మాట మారిందా లేదా అని చూసి వదిలేయకూడదు, ఫలితం ఏంటో చూడాలి అంది. సహకార సంఘాల మీద ఎలాంటి చట్టం చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ నిన్నటి దాకా రాష్ట్ర శాసనసభకి ఉంది. ఇవాళ ఆ స్వేచ్ఛకి పార్లమెంట్ ఒక్కటే గీత గీసింది. కాబట్టి అధికారాల పంపకం మారినట్టే. నేరుగా చేయలేని పనిని దొడ్డిదారిన చేయకూడదు. పంచాయతీలు, మున్సిపాలిటీల కోసం 73, 74 సవరణలు తెచ్చారు కదా, అవీ రాష్ట్ర సబ్జెక్టుల్లో ఇలాంటి రూల్స్ పెట్టినవే. వాటికి సగం రాష్ట్రాల ఆమోదం తీసుకున్నారు. అంటే దారి తెలియక తప్పిపోయారు అనుకోవడానికి కూడా లేదు.

బెంచ్‌లో ముగ్గురు జడ్జీలు. జస్టిస్ నారిమన్, జస్టిస్ కె.ఎం. జోసెఫ్, జస్టిస్ గవాయ్. రాష్ట్రాల ఆమోదం కావాల్సిందే అన్న దగ్గర ముగ్గురిదీ ఒకటే మాట. తేడా వచ్చింది ఇంకో చోట. ఒకటి కంటే ఎక్కువ రాష్ట్రాల్లో నడిచే సంఘాల వరకు ఆ భాగాన్ని బతకనిద్దాం, అవి ఎలాగూ కేంద్రం సబ్జెక్టే కదా అని ఇద్దరు అన్నారు. అలా ముక్క కోసి ఉంచడం కుదరదు, మొత్తం పోవాల్సిందే అని జస్టిస్ జోసెఫ్ అన్నారు. ఇద్దరి మాట నిలబడింది.

సరే, కోర్టు సంగతి అయిపోయింది. ఇప్పుడు మనల్ని ఇబ్బంది పెట్టే ప్రశ్న. ఊళ్లో రైతుకి దీనివల్ల ఏం ఒరిగింది?

నిజాయితీగా చెప్పాలంటే, చాలా చోట్ల నష్టమే. ఆంధ్రప్రదేశ్ చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ప్రాథమిక సంఘాలకి ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు 2018లో ముగిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రభుత్వం వేసిన నామినేటెడ్ కమిటీలతోనే నడిచాయి. ప్రభుత్వం మారింది, కమిటీల్లో మనుషులు మారారు, పద్ధతి మాత్రం మారలేదు. తెలంగాణలో 2013 తర్వాత మళ్లీ 2020 ఫిబ్రవరిలో జరిగాయి. అదీ ఐదేళ్లకి కాదు, ఏడేళ్లకి. 97వ సవరణ అక్షరాలా ఆపాలనుకున్నది దీన్నే. గడువులోపు ఎన్నిక, రద్దయితే ఆరు నెలల్లో ఎన్నిక.

అందుకని "రాష్ట్రాల హక్కు నిలబడింది" అని ఎవరైనా సంబరంగా అంటే నాకు ఒకటే అడగాలనిపిస్తుంది. రాష్ట్రం అంటే ఎవరు? సొసైటీలో ఓటు ఉన్న రైతా, లేక కమిటీలో తన మనిషిని కూర్చోబెట్టుకున్న లోకల్ లీడరా? ఈ తీర్పు మొదట చేతికిచ్చింది రెండోవాడికే.

అయినా తీర్పు కరెక్టే అంటాను. ఎందుకో చెప్తా. ఆ రూల్స్ అన్నీ రాష్ట్ర శాసనసభ రేపే చట్టంలో పెట్టుకోవచ్చు, ఎవరూ ఆపరు. ఐదేళ్లకి ఎన్నిక తప్పనిసరి, వాయిదా వేసే అధికారం ప్రభుత్వానికి లేదు అని అమరావతిలోనో హైదరాబాద్‌లోనో ఒక బిల్లు పాస్ చేస్తే చాలు. చేయకపోతే తప్పు ఎవరిదో పేరు పెట్టి చెప్పొచ్చు. మీ ఎమ్మెల్యేని నిలదీయొచ్చు. ఢిల్లీ చేస్తుందిలే అని అతను తప్పించుకోలేడు. ఇంకోటి. ఇవాళ మంచి రూల్ కోసం ఢిల్లీకి ఈ దారి తెరిస్తే, రేపు మీకు నచ్చని రూల్ కూడా అదే దారిలో వస్తుంది. జాబితాని ముట్టుకోకుండా పోలీస్ మీద ఒక కొత్త భాగం, భూమి మీద ఒక కొత్త భాగం. రాష్ట్ర జాబితాలోని అంశాలన్నీ పేరుకి ఉంటాయి, లోపల ఖాళీ.

రాష్ట్రాలకి వదిలేస్తే అంతా ఆగిపోతుంది అనుకోవద్దు. ఇదే సబ్జెక్టులో దేశానికి దారి చూపించింది మనవాళ్లే. 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం చేసింది. ఊళ్లలో మ్యాక్స్ చట్టం అంటారు. ప్రభుత్వం షేర్ డబ్బు తీసుకోకుండా సభ్యులే సొంతంగా పెట్టుకుని నడుపుకునే సంఘాల్లో రిజిస్ట్రార్ ఇష్టమొచ్చినట్టు వేలు పెట్టకూడదు అన్నది దాని సారం. దేశంలో అలాంటి చట్టాల్లో అదే మొదటిది. తర్వాత బీహార్, కర్ణాటక, మధ్యప్రదేశ్, ఒడిశా లాంటి రాష్ట్రాలు అదే బాటలో తమ చట్టాలు చేసుకున్నాయి. ముల్కనూరు మహిళా డెయిరీ పేరు విన్నారా? పల్లెటూరి ఆడవాళ్లు నడుపుకునే పాల డెయిరీ. అది ఈ మ్యాక్స్ చట్టం కింద పుట్టిందే. ఢిల్లీలో ఒకే అచ్చు పోసి ఉంటే 1995లో ఈ ప్రయోగం చేసే సందే ఉండేది కాదు.

ఇప్పుడు కొంచెం సైడ్‌కి వెళ్తా, కానీ ఇది నాకు చాలా ఇష్టమైన కథ. పార్లమెంట్ రాష్ట్రాలని అడిగి, వాళ్ల సబ్జెక్ట్‌లో చట్టం చేసిన కథ. 252వ ఆర్టికల్ కింద రెండో అంతకంటే ఎక్కువో రాష్ట్రాల శాసనసభలు "ఈ విషయం మీద మా కోసం మీరే చట్టం చేయండి" అని తీర్మానం చేస్తే పార్లమెంట్ చేయొచ్చు. భూమి రాష్ట్ర సబ్జెక్ట్. 1976లో ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రాలు అలా తీర్మానం చేస్తే పట్టణ భూ గరిష్ట పరిమితి చట్టం వచ్చింది. హైదరాబాద్‌లో భూముల గొడవలు ఫాలో అయ్యేవాళ్లకి యూఎల్‌సీ అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. సిటీలో ఒకరి దగ్గర వెయ్యి చదరపు మీటర్లకి మించి ఖాళీ స్థలం ఉండకూడదు అన్న చట్టం.

1999లో పార్లమెంట్ ఆ చట్టాన్ని రద్దు చేసింది. అయిపోయిందా? అవ్వలేదు. రాష్ట్రాలు అడిగితే చేసిన చట్టం కదా, రద్దు కూడా రాష్ట్రం ఒప్పుకుంటేనే ఆ రాష్ట్రంలో పనిచేస్తుంది. హర్యానా, పంజాబ్ ముందే అడిగాయి కాబట్టి అక్కడ వెంటనే పోయింది. ఆంధ్రప్రదేశ్ ఆ రద్దుని ఒప్పుకున్నది 2008లో. తొమ్మిదేళ్లు! దేశ పార్లమెంట్ రద్దు చేసిన చట్టం హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు బతికే ఉంది. రివర్స్‌లో కూడా చూడండి, ఒకసారి పార్లమెంట్‌కి అప్పజెప్పాక రాష్ట్రం తనొక్కటే దాన్ని మార్చలేదు, రద్దూ చేయలేదు. జాయింట్ అకౌంట్ లాంటిది, ఇద్దరి సంతకం పడాలి.

ఎమర్జెన్సీ రోజుల్లో కూడా ఈ అడగడం తప్పలేదంటే నమ్ముతారా? 1976లో 42వ సవరణ చదువు, అడవులు, తూనికలు కొలతలు లాంటి ఐదు విషయాలని రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి తెచ్చింది. దానికి రాష్ట్రాల తీర్మానాలు తీసుకున్నారు. అప్పుడు ఎవరైనా కాదనే పరిస్థితి ఉందా అంటే, ఆ మాట వేరే. కానీ ఫార్మ్ నింపారు. 2016లో జీఎస్టీ కోసం 101వ సవరణ చేసినప్పుడు కూడా అంతే. మొదట అస్సాం తీర్మానం చేసింది, తర్వాత ఒక్కొక్కటిగా మిగతావి, సగం దాటాక సెప్టెంబర్ 8న రాష్ట్రపతి సంతకం. అడిగారు కాబట్టే జీఎస్టీ కౌన్సిల్‌లో రాష్ట్రాలకి ఓటు, ఐదేళ్ల పాటు నష్టపరిహారం లాంటివి బేరంలో వచ్చాయి. అడగాల్సిన అవసరం ఉన్నప్పుడే కదా బేరం ఉండేది.

ఇక ఈ గోడకి ఉన్న తలుపులు కూడా చెప్పాలి, లేకపోతే సగం నిజం చెప్పినట్టు. రాజ్యసభ మూడింట రెండొంతుల ఓట్లతో "ఇది దేశ ప్రయోజనం" అని తీర్మానం చేస్తే రాష్ట్ర జాబితాలోని అంశం మీద కూడా పార్లమెంట్ చట్టం చేయొచ్చు, ఆ తీర్మానం ఒక్కోసారి ఏడాది వరకు పనిచేస్తుంది. ఎమర్జెన్సీ పెడితే ఎలాగూ చేయొచ్చు. విదేశాలతో ఒప్పందం అమలు చేయడానికీ చేయొచ్చు.

అన్నిటికంటే పెద్ద తలుపు 3వ ఆర్టికల్. రాష్ట్రం హద్దులు మార్చడం, రాష్ట్రాన్ని రెండు చేయడం. దీనికి పార్లమెంట్‌లో మామూలు మెజారిటీ చాలు. రాష్ట్రపతి ఆ బిల్లుని రాష్ట్ర శాసనసభకి పంపి అభిప్రాయం అడగాలి. అడగాలి, కానీ చెప్పింది వినాలని లేదు. ఇది మనకి పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లుని తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానం చేసింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ అదే విభజనని పాస్ చేశాయి. జూన్ 2న తెలంగాణ వచ్చింది. విభజన కావాలా వద్దా అన్న దాని మీద నన్ను లాగకండి, రెండు రాష్ట్రాల వాళ్లూ ఈ వీడియో చూస్తారు. నేను చెప్పేది ఒకటే. ఊరి సొసైటీ ఎన్నికల రూల్ మార్చాలంటే సగం రాష్ట్రాలు ఒప్పుకోవాలి. ఒక రాష్ట్రం మ్యాప్ మార్చాలంటే ఆ రాష్ట్రం ఒప్పుకోనక్కర్లేదు. మన రాజ్యాంగంలో రెండూ ఉన్నాయి. విడిపోవడానికి ఇష్టపడిన రాష్ట్రాలు కలిసి పెట్టుకున్న సమాఖ్య కాదు మనది, అందుకే దీని లెక్కలు అమెరికా లెక్కలతో సరిపోవు. అక్కడ ఆ రాష్ట్రం శాసనసభ ఒప్పుకోకుండా దాన్ని ముక్క చేయడం కుదరదు.

సొసైటీల దగ్గరికి వచ్చి ముగిస్తా. 2021 జూలై 6న, అంటే ఈ తీర్పుకి సరిగ్గా రెండు వారాల ముందు, కేంద్రం కొత్తగా సహకార మంత్రిత్వ శాఖ పెట్టింది. తీర్పు తర్వాత ఆ శాఖ చేతిలో రాష్ట్ర సొసైటీలని శాసించే అధికారం లేదు. మరి ఏం చేసింది? ప్రాథమిక సంఘాల కోసం ఒక మోడల్ బైలాస్ తయారుచేసి 2023లో రాష్ట్రాలకి పంపింది. పాల సేకరణ, గోడౌన్, పెట్రోల్ బంక్, కామన్ సర్వీస్ సెంటర్ లాంటి పనులన్నీ సొసైటీ చేసుకోవచ్చు, నచ్చితే తీసుకోండి అని. ఇంకోవైపు సంఘాలని కంప్యూటరైజ్ చేయడానికి 2022లో 2,516 కోట్లతో స్కీమ్ పెట్టింది. ఆజ్ఞాపించలేదు కాబట్టి నచ్చజెప్పాలి, డబ్బు చూపించాలి. డబ్బు చూపించి నచ్చజెప్పడంలో ఎంత స్వేచ్ఛ ఉంటుందో, ఖాళీ ఖజానా ఉన్న రాష్ట్రం ఎంత గట్టిగా వద్దనగలదో అది ఇంకో ఎపిసోడ్ సరుకు. పేపర్ మీద సరిహద్దు, పైసల దగ్గర సరిహద్దు ఒకటి కావు.

మూడు వ్యవసాయ చట్టాలప్పుడు ఇదే ప్రశ్న వచ్చింది. వ్యవసాయం రాష్ట్రానిది, మార్కెట్లు రాష్ట్రానివి, ఆహార పదార్థాల వ్యాపారం ఉమ్మడిది. ఏ డబ్బాలో వేయాలి? 2021 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, నవంబర్‌లో పార్లమెంటే రద్దు చేసుకుంది. ప్రశ్నకి జవాబు రాలేదు.

ఇంకోటి మీ ఫోన్లోనే ఉంది. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ తమ చట్టాలు మార్చి ఆపాయి. ఎందుకు చేయగలిగాయి అంటే పందేలు, జూదం రాష్ట్ర జాబితాలో 34వ అంశం. 2025 ఆగస్టులో పార్లమెంట్ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని దేశమంతా నిషేధిస్తూ చట్టం చేసింది. జూదం మా ఇళ్లు కూల్చింది అన్నవాళ్లకి ఇది మంచి చట్టమే, మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ బాధ తెలిసిన ఇళ్లు తక్కువేం లేవు. కానీ దీన్ని సవాలు చేస్తూ పిటిషన్లు పడ్డాయి, విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అందులో ఒక వాదన మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. ఇది జూదం అయితే రాష్ట్రానిది. ఫోన్ మీద, నెట్ మీద జరిగే వ్యవహారం అయితే 31వ అంశం కింద కేంద్రానిది. ఒకే రమ్మీ టేబుల్, రెండు డబ్బాలు. ఏ డబ్బా అనుకుంటున్నారో, ఎందుకనుకుంటున్నారో రాయండి. "మంచి చట్టం కదా" అన్నది ఒక్కటే జవాబుగా రాస్తే మాత్రం ఎపిసోడ్ మళ్లీ మొదటి నుంచి చూడమంటాను.

ఉంటాను మరి. వచ్చే వారం ఖనిజాల పన్ను కేసు, తొమ్మిది మంది జడ్జీలు, ఎనిమిది ఒక వైపు, ఒకరు ఒక వైపు.